కొలతను నమ్ముకొని పెరిగిన కంపెనీ

మన పెద్దలకు కొలత అంటే పరువు. గింజలకు సోల, తవ్వ, మానిక, కుంచం. బట్టకు జాన, మూర, గజం. వేటి కొలతలు వాటికి పెట్టుకొని, ఆ కొలతల దగ్గర మాట పడకుండా బ్రతికినారు. మా షోలాపురం సాలెవాడల్లో తొమ్మిది గజాల చీరె అని అమ్మినది బజారులో ఎనిమిదిన్నర గజాలు తేలితే, ఆ మగ్గం వాని పేరు ఆ వారంలోనే పోయేది. మరుసటి వారం నూలు అప్పు పుట్టేది కాదు. తప్పు చేతిదా, గజంబద్దదా అని విచారించేవారు ఎవరు? మాట మనిషి మీదనే పడేది.

ఈ సంగతి ఇంత ముందుగా చెప్పుటకు కారణం ఉన్నది. ఈ నెల మేము వ్రాయబోయేది కొలత సాధనాలు తయారు చేసే ఒక కంపెనీ కథ. కంపెనీల కథలు మన మాసపత్రికలో ఎందుకని చదువరులు అడుగవచ్చును. మేము గిడ్డంగి లెక్కలు వ్రాసుకొని బ్రతికే గుమాస్తాలము. ఇంజనీర్లము కాము. అయినా ఈ కథ మా కళ్ళ ముందర ఒక మనిషి పరువుతో ముడిపడినది గనుక, ముందు ఆ మనిషిని గూర్చి చెప్పి తరువాత కంపెనీ సంగతికి వస్తాము.

మొలాసిస్ ట్యాంకు

మేము పదిహేనేండ్ల క్రిందట ఒక చక్కెర కార్ఖానాలో స్టోర్సు గుమాస్తాగా ఉంటిమి. చెరకు రసం కాచి చక్కెర తీసిన పిమ్మట మిగిలే నల్లని చిక్కని పాకమే మొలాసిస్. మరాఠీవారు మళీ అంటారు. సారాయి బట్టీలకు అదే ముడిసరుకు గనుక, అది ఎక్సైజు వారి లెక్కలోని సరుకు. ఒక్క టన్ను తేడా వచ్చినా సంజాయిషీ వ్రాయవలసినదే.

ఆ ట్యాంకులు కొలిచే పని మన తెలుగువాడైన ఒక పెద్దాయనది. మేమంతా ఆయనను మామ అనే పిలిచేవారము. ప్రొద్దున్నే నిచ్చెన ఎక్కి, పైమూత తీసి, గీతలు గీసిన పొడుగాటి ఇనుప కడ్డీ లోపలికి దింపి, తడిసినంత మేర చూచి, దిగి వచ్చి మాకు అంకె చెప్పేవాడు. మేము ఆ అంకెను పట్టికలో చూచి టన్నులుగా మార్చి పుస్తకంలో ఎక్కించేవారము. ట్యాంకు అడ్డుకొలత ఇరవై మీటర్లు. అంటే కడ్డీ మీద ఒక్క సెంటీమీటరు తేడా వస్తే పుస్తకంలో నాలుగు టన్నుల పైమాటే. ఇది చదువరులు గుర్తుంచుకోవలెను.

ఒక యేడు గానుగ కాలం ముగిసి, ఎండలు ముదిరిన తరువాత సరుకు లెక్క చూస్తే నూరు టన్నులకు పైగా తక్కువ తేలినది. పుస్తకంలో ఉన్నది, ట్యాంకులో లేదు. తాళాలు ఎవరి దగ్గర? మామ దగ్గర. కొలిచినది ఎవరు? మామ. రాత్రిపూట టాంకర్లకు అమ్ముకున్నాడని ఒకరు గుసగుసలాడితే, కూతురి పెండ్లికి డబ్బు ఎక్కడిదని మరొకరు అడిగినారు. విచారణ పెట్టి ఆయనను ఇంటికి పంపినారు.

మేము ఒక సాయంత్రం ఆయన ఇంటికి పోతిమి. గడపలో కూర్చొని ఉన్నాడు. లోపలికి రమ్మని కూడా అనలేదు.

"నలుబై ఏండ్ల సంది కొలుస్తున్న బిడ్డా," అన్నాడు. "కడ్డీ ఎంత చూపెడితే గంతే చెప్పిన. ఒక్క గీత ఎక్కువ చెప్పలేదు, ఒక్క గీత తక్కువ చెప్పలేదు. మరి సరుకు ఏడికి పోయింది? నాకు సుత తెలువది."

"మామా, నువ్వు తీసినవని మేము అనుకోలేదు," అన్నాము.

"నువ్వు అనుకుంటే ఏంది, అనుకోకుంటే ఏంది? పుస్తకం అనుకున్నది గద."

ఆ పుస్తకం వ్రాసిన చేయి మాది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరుసటి గానుగ కాలానికి యాజమాన్యం వారు ఆ ట్యాంకు అడుగున ఒక కొత్త సాధనం బిగింపించినారు. పిడికిలంత లోహపు తల, దాని వెనుక ఒక చిన్న పెట్టె, పెట్టె నుండి ఆఫీసు గదికి రెండు తీగలు. అది ఎత్తును చూడదు. తన మీద నిలిచిన సరుకు ఎంత బరువుతో నొక్కుతున్నదో చూస్తుంది. మొదటి నెలలోనే వింత బయటపడినది. పైనుండి కడ్డీ వేసి చూస్తే ఒక లెక్క, అడుగున ఉన్న సాధనం చూస్తే అంతకు తక్కువ లెక్క. కొన్ని వారాలు గడిచేసరికి కడ్డీ లెక్క తనంతట తానే దిగి వచ్చినది. సాధనం లెక్క మాత్రం ఉన్నచోటనే ఉన్నది.

సంగతి ఏమంటే, కొత్తగా దిగిన మొలాసిస్ వేడిగా, గాలి పట్టి, లోలోపల నురుగుతో పొంగి ఉంటుంది. కడ్డీ ఆ పొంగును కూడా సరుకు క్రిందనే చూపుతుంది. చల్లారి గాలి పోయిన పిమ్మట ఎత్తు తగ్గుతుంది. ఎవరూ తీసుకొనిపోలేదు. పుస్తకంలో మేము ఎక్కించిన ఆ నూరు టన్నులు అసలు పుట్టనే లేదు. మేము నురుగును టన్నులలో వ్రాసినాము.

మామను తిరిగి పిలిచినారు. ఆగిన జీతం ఇచ్చినారు. పోయిన మాటను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

మధ్యన ఒక కూడిక గుర్తు

ఆ సాధనం మీది పేరుపలకపై రెండు పేర్లు, వాటి మధ్య ఒక కూడిక గుర్తు ఉండెను: ఎండ్రెస్+హౌజర్. లెక్కలు వ్రాసుకొనే మాకు ఆ కూడిక గుర్తు మీద మనసు పోయినది. ఇద్దరిని కూడితే ఏమైనది? నాటి నుండి తీరిక చిక్కినప్పుడల్లా వారిని గూర్చి చదువుతూ వచ్చినాము.

జర్మనీ నైరుతి మూలలో, స్విట్జర్లాండు నగరం బాజెల్‌కు ఆనుకొని, లోరాహ్ అనే ఊరు ఉన్నది. ప్రక్కనే ఫ్రాన్సు. ఒక దేశంలో ఇల్లు, మరొక దేశంలో ఉద్యోగం, ఇంట్లో ఒక యాస, బజారులో మరొక భాష. ఇదంతా అక్కడివారికి మామూలు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీయో కన్నడమో అరవమో ఒడియాయో మాట్లాడే మనకు ఆ బ్రతుకు కొత్త కాదు. ఇంకొక పోలిక కూడా ఉన్నది. లోరాహ్‌ను ఆనుకొని పైకి పోయే వీజె నది లోయ పూర్వం నూలు మిల్లుల లోయ. లోరాహ్‌లో బట్టల అద్దకం పని 18వ శతాబ్దం నుండి ఉన్నది. మగ్గాల చప్పుడు వింటూ పెరిగిన నేల అది.

అక్కడ 1953 ఫిబ్రవరి 1వ తేదీన ఇద్దరు మనుషులు కలిసి ఒక చిన్న వ్యాపారం ప్రారంభించినారు. అదే యేడు అక్టోబరులో ఇక్కడ ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినదని చెప్పితే చదువరులకు కాలం అందుతుంది. ఆ ఇద్దరిలో ఒకరు గెయోర్గ్ ఎండ్రెస్, స్విట్జర్లాండు పౌరుడు, ఇంజనీరు, వయసు 29. రెండవవారు లుడ్విగ్ హౌజర్, జర్మను, బ్యాంకు వ్యవహారాలలో పండినవారు, వయసు 58. తండ్రీకొడుకుల వంటి ఈడు. ఒకరికి యంత్రం తెలుసు, మరొకరికి రూకల విలువ తెలుసు. దేశాలు రెండు, తరాలు రెండు, దుకాణం ఒకటి.

మొదట వారు తయారీదారులు కారు. ఇంగ్లండులో అప్పుడే వచ్చిన ఎలక్ట్రానిక్ మట్టసూచికలను తెచ్చి అమ్మేవారు. తొట్టిలో సరుకు ఎంతవరకు వచ్చినదో చెప్పే సాధనాలివి. తొట్టిలో ఒక లోహపు కడ్డీ దింపుతారు. కడ్డీ ఒక వైపు, తొట్టి గోడ మరొక వైపు. ఈ రెంటి నడుమ గాలి ఉన్నప్పుడు ఎంత విద్యుత్తు నిలువగలదో, సరుకు నిండినప్పుడు అంతకంటె ఎక్కువ నిలుస్తుంది. ఆ తేడాను పట్టి మట్టం చెప్పుతారు. కదిలే తేలుడు బంతి లేదు, త్రుప్పు పట్టే గొలుసు లేదు.

అయితే తెచ్చినది తెచ్చినట్లు అమ్మితే చాలలేదు. ఒకరి తొట్టిలో పిండి, మరొకరి తొట్టిలో ఆమ్లం, ఇంకొకరి తొట్టిలో సిమెంటు. పిండి కడ్డీకి అంటుకుంటుంది, ఆమ్లం కడ్డీని తింటుంది. కొన్నవారి దగ్గరకు పోయి, తొట్టి చూచి, వారి ఇబ్బంది విని, దానికి తగినట్లు మార్చి ఇవ్వవలసి వచ్చినది. ఆ విధంగా అమ్మేవారు కొద్దికాలంలోనే తయారీదారులైనారు. ముందు సేవ, తరువాతనే సంపాదన అన్నది ఎండ్రెస్ గారు పట్టుకున్న సూత్రం. జర్మను భాషలో ఈ రెండు మాటలూ ఒకే ధాతువు నుండి పుట్టినవి, ప్రాసలాగా వినబడతాయి. మా అభిప్రాయంలో కంపెనీ పెరుగుదలకంతటికీ మొలక అక్కడనే ఉన్నది.

ఒక కొలత నుండి అన్ని కొలతలకు

తయారీ పని వీజె లోయలోనే ఉన్న మౌల్‌బుర్గ్ గ్రామంలో పెరిగినది. కంపెనీ 1960 తరువాతి పదేండ్లలో పొరుగు దేశాలలో శాఖలు తెరచి, 1970లో అమెరికాలో అడుగుపెట్టినది. 1975లో హౌజర్ గారు చనిపోయినారు. అప్పటినుండి సంస్థ మొత్తం ఎండ్రెస్ కుటుంబానిదైనది. అయినా పెద్దాయన పేరును పేరుపలక మీదినుండి చెరిపివేయలేదు. కూడిక గుర్తు నేటికీ అట్లే ఉన్నది. పాలివాడు పోగానే దుకాణం బోర్డు మార్చే లోకంలో ఇది చెప్పుకోదగిన సంగతి.

1977లో ఫ్లోటెక్ అనే స్విస్ సంస్థను తీసుకొని ప్రవాహాన్ని కొలిచే పనిలోకి దిగినారు. ఆ విభాగం బాజెల్ ప్రక్కనున్న రైనాహ్‌లో నెలకొన్నది. మొత్తం సంస్థకు ముఖ్య కార్యాలయం కూడా ఇప్పుడు ఆ ఊరే. తొట్టిలో నిలిచిన సరుకును కొలవడం ఒక ఎత్తు, గొట్టంలో పరుగెత్తే సరుకును కొలవడం మరొక ఎత్తు. ఇది ఎట్లా సాధ్యమో మాకు తెలిసినంత వరకు చెప్పుతాము.

అయస్కాంతాల నడుమ లోహపు తీగ కదిలితే దానిలో విద్యుత్తు పుట్టుతుందని మైకేల్ ఫారడే కనిపెట్టినాడు. తీగకు బదులు నీరు కదిలినా అంతే. ఫారడే స్వయంగా 1832లో లండనులోని వాటర్లూ వంతెన దగ్గర, భూమికున్న అయస్కాంతశక్తిని ఆధారం చేసుకొని, థేమ్స్ నది ప్రవాహంలో ఆ విద్యుత్తును పట్టుటకు ప్రయత్నించినాడు. ఆనాటి సాధనాలకు అది అందలేదు. నేడు గొట్టానికి ఇరువైపుల విద్యుత్తు తీగచుట్టలు పెట్టి, లోపలి గోడలో రెండు చిన్న మేకులంత లోహపు ముక్కలు బిగిస్తే చాలు. నీరు ఎంత వేగంగా పోతే అంత విద్యుత్తు పుట్టుతుంది. లోపల తిరిగే చక్రం గాని అడ్డుపడే రేకు గాని ఏదీ ఉండదు. ఉజనీ జలాశయం నుండి మా షోలాపురానికి వచ్చేటంత నీటినైనా, మురికి నీటినైనా, చెరకు రసాన్నైనా ఇట్లా కొలవవచ్చును. నూనె, పెట్రోలు మాత్రం విద్యుత్తును పోనివ్వవు గనుక ఈ పద్ధతికి లొంగవు.

వాటికి మరొక ఉపాయం. గొట్టాన్ని సన్నగా అదురునట్లు చేస్తారు. లోపల సరుకు పారుతున్నప్పుడు ఆ అదురులో చిన్న మెలిక పడుతుంది. ఆ మెలికను బట్టి ఎన్ని కిలోలు పోయినవో నేరుగా తెలుస్తుంది. కిలోల లెక్క గనుక, వేడికి ఉబ్బినదా చలికి ముడిగినదా అన్న పేచీ లేదు. మా మొలాసిస్ కథ విన్న చదువరులకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

మట్టం కొలిచే పనిలో కూడా కడ్డీ దశ దాటిపోయినది. శ్రుతిదండం వంటి చిన్న లోహపు పంగను తొట్టి గోడకు బిగించి అదిరిస్తారు. సరుకు వచ్చి దానిని ముంచగానే అదురు మారుతుంది. వెంటనే నిండినదని కబురు వస్తుంది. ఇంకొకటి రాడారు. తొట్టి పైకప్పు నుండి ఒక అల పంపి, సరుకును తాకి తిరిగి వచ్చుటకు పట్టిన కాలాన్ని చూస్తారు. ఆ అల సెకండుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. పది మీటర్లు పోయి రావడానికి సెకండులో కోటి భాగాలు చేస్తే అందులో ఒక భాగం కూడా పట్టదు. అంత చిన్న కాలాన్ని లెక్కించి మిల్లీమీటరు చెప్పుతున్నారంటే, గడియారం చూచి జీతం తీసుకొనే మనబోటివారికి ఆశ్చర్యం కాక మరేమి?

ఈ విధంగా మట్టం, ఒత్తిడి, ప్రవాహం, ఉష్ణోగ్రత, ద్రవాల గుణపరీక్ష, ఒక్కొక్కటే కూడుకొంటూ పోయినారు. 1995లో గెయోర్గ్ గారి కుమారుడు క్లౌస్ ఎండ్రెస్ పగ్గాలు అందుకున్నాడు. గెయోర్గ్, ఆలిస్ దంపతులకు ఎనిమిదిమంది సంతానం. అంత పెద్ద కుటుంబంలో పంపకాల పేచీ వచ్చి సంస్థ ముక్కలు కాకుండ, కుటుంబమంతా కలిసి ఒక నియమావళి వ్రాసుకున్నారు. గెయోర్గ్ గారు 2008లో కాలం చేసినారు. 2014లో మొదటిసారిగా కుటుంబానికి చెందని మత్తియాస్ ఆల్టెన్‌డోర్ఫ్‌కు అధికారం అప్పగించినారు. ఆయన తరువాత 2024లో వచ్చిన పేటర్ సెల్డర్స్ కూడా బయటివారే. ఇల్లు తమదే అయినా వంట బాగా తెలిసినవానికి గరిటె ఇచ్చినారన్నమాట.

2023లో వారి అమ్మకం 370 కోట్ల యూరోలు, పనివారు 16 వేలకు పైన. లాభంలో పెద్ద భాగాన్ని కంపెనీలోనే ఉంచి, అప్పు మీద ఆధారపడకుండ నడుపుతున్నారు. జర్మనీలోనే వాల్డ్‌కిర్హ్ అనే ఊరిలో సిక్ అనే మరొక సెన్సార్ల సంస్థ ఉన్నది. దానిని ఎర్విన్ సిక్ 1946లో స్థాపించినాడు. ఆ సంస్థతో కలిసి, పొగగొట్టాల వాయువులను పరీక్షించే సాధనాల కొరకు 2025 జనవరి నుండి సగం సగం పాలుతో ఒక ఉమ్మడి కంపెనీ పెట్టినారు. మళ్ళీ ఒక కూడికే.

సున్న అంటే ఏమిటి?

ఇక్కడ మామను మరల తలచుకోవలసి ఉన్నది. సాధనం బిగించుటకు వచ్చిన కుర్రవాడు తిరిగి పనిలో చేరిన మామకు దానిని వివరిస్తుండగా మేమూ ప్రక్కన నిలుచున్నాము. అంతా విని మామ ఒకే ప్రశ్న వేసినాడు.

"ఇది సున్న అని చూపెడితే, ట్యాంకు ఖాళీ అయిందన్నట్టా, తీగ తెగిందన్నట్టా?"

ఆ కుర్రవాడు సంతోషపడిపోయినాడు. "కాకా, మేము చదువుకొనేటప్పుడు మా మాస్టరు మొదట చెప్పిన పాఠమే ఇది!" అన్నాడు. ఈ సాధనాలలో ఖాళీ ట్యాంకుకు కూడా తీగలో 4 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు పోతూనే ఉంటుంది. నిండితే 20. అసలు విద్యుత్తే లేకపోతే, సరుకు లేదని కాదు, సాధనమే పలకడం లేదని అర్థం. ఈ ఏర్పాటు ఒక్క కంపెనీది కాదు. ప్రపంచమంతా పరిశ్రమలలో వాడుక అయినది. లేదు అని చెప్పుట వేరు, చెప్పలేకపోవుట వేరు అన్న తేడాను తీగలోనే పెట్టినారు.

ఈ తేడా గుర్తించకపోతే ఏమవుతుందో ఇంగ్లండులో 2005 డిసెంబరు 11న లోకం చూచినది. బన్స్‌ఫీల్డ్ అనే చోట పెట్రోలు నిలువ చేసే కేంద్రంలో 912వ నంబరు ట్యాంకులోకి రాత్రంతా పెట్రోలు వస్తూ ఉన్నది. తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో దాని మట్టసూచిక ఒకే అంకె మీద ఇరుక్కుపోయినది. పెట్రోలు పెరుగుతూనే ఉన్నది, అంకె కదలలేదు. చూచేవారికి ట్యాంకు ఇంకా నిండనట్లే కనబడినది. అట్టి ప్రమాదానికే విడిగా మరొక మీట ఉండెను. నిండగానే అది పంపును ఆపవలెను. అదీ పని చేయలేదు. ఆ మీటను పరీక్షించే చిన్న పిడి సరియైన చోట నిలువవలెనంటే దానికి ఒక తాళంకప్ప వేయవలెను. తాళం దొంగల భయానికి కాబోలుననుకొని, బిగించినవారు వేయకుండ వదలినారు. రెండున్నర లక్షల లీటర్లకు పైగా పెట్రోలు పొర్లిపోయి, ఆవిరియై ప్రాకి, ఉదయం ఆరు గంటల ఒక నిమిషానికి పేలిపోయినది. ఆదివారం వేకువ గనుక దైవికంగా ఎవరూ చనిపోలేదు. 43 మందికి గాయాలైనవి. మంటలు రోజుల తరబడి మండినవి.

అవి మేము చెప్పుకుంటున్న కంపెనీ సాధనాలు కావు. అయినా ఈ వ్యాపారంలో ఉన్న ప్రతి కంపెనీకి అది పాఠం. సాధనం చేసి అమ్మితే పని ముగియదు. తాళంకప్ప ఎందుకు వేయవలెనో వేసేవానికి తెలియజెప్పినప్పుడే ముగుస్తుంది. కనుకనే ఇట్టి కంపెనీలలో తయారుచేసేవారితో పాటు ఊరూరు తిరిగి బిగించేవారు, పరీక్షించేవారు, నేర్పేవారు అంతమంది ఉంటారు. మీటరు చేసిన తరువాత, ఖచ్చితంగా తూచిన నీటిని దాని గుండా పంపి, చూపినదీ పోయినదీ సరిపోల్చి, పత్రం వ్రాసి ఇస్తారు. తక్కెడకు సర్కారు ముద్ర వేసినట్లు.

మన ముంగిట

ఈ కంపెనీ ఎక్కడో రైన్ నది ఒడ్డున లేదు. మన మహారాష్ట్రలోనే, పూర్వం నిజాము ఇలాకాలో ఉండిన ఔరంగాబాదులో, వాళూజ్ పారిశ్రామికవాడలో వారి కార్ఖానాలు ఉన్నవి. 2023లో పేరు మారి ఆ ఊరు ఇప్పుడు ఛత్రపతి సంభాజీనగర్. అక్కడ ప్రవాహపు మీటర్లు, మట్టం, ఒత్తిడి కొలిచే సాధనాలు తయారవుతున్నవి. షోలాపురం నుండి ఒక పగటి ప్రయాణం.

మా తాత మగ్గం నేసినాడు. మా నాయన మిల్లులో పని చేసినాడు. ఆ మిల్లులు మూతపడిన నాడు ఎన్ని ఇండ్లలో పొయ్యి ఆరినదో ఈ పత్రిక చదువరులలో పెద్దలకు తెలుసు. వీజె లోయలో కూడా మిల్లులు మూతపడినవి. కాని అదే లోయలో, అదే ఇండ్ల పిల్లలకు, దారం బదులు మిల్లీమీటరు పట్టుకొనే పని దొరికినది. తెగిన పోగును చీకట్లో తడిమి అతుకగల చేతులకు ఈ పని చాతకానిది కాదు. ఆ ఓపిక, ఆ చూపు మన ఇండ్లలో వంశపారంపర్యంగా ఉన్నవి.

అయినా మన తల్లిదండ్రులు, పిల్లవానికి ఆఫీసు కుర్చీ దొరికితేనే ఉద్యోగమని, చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుంటే చిన్నతనమని అనుకుంటున్నారు. కుర్చీలో కూర్చున్న మేము చెప్పుతున్నాము: మేము ఇరవై ఏండ్లుగా వ్రాసే అంకెలన్నీ ఎవరో ఒకరు సరిగా కొలిచి చెప్పినవే. వారు తప్పితే మా దస్తూరీ ఎంత అందంగా ఉన్నా అబద్ధమే. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ అని రెండేండ్ల చదువు ఒకటి ఉన్నది. పదవ తరగతి చాలును. చక్కెర, కాగితం, మందులు, పాలు, నీరు, ఏ కార్ఖానాకైనా ఆ పనివాడు కావలె. మన సంఘం వారు వేసవి సెలవులలో పిల్లలకు ఈ చదువుల వివరాలు చెప్పించే ఏర్పాటు చేస్తే బాగుంటుందని మా మనవి.

మామ ఆ తరువాత రెండేండ్లు పని చేసి విరమించినాడు. చివరి రోజున కార్యాలయంలో పూలదండ వేసి, ఏదైనా అడుగమన్నారు. ఆ ఇనుప కడ్డీని అడిగినాడు. "ఇది అబద్ధమాడలేదు. ఎత్తు అడిగితే ఎత్తే చెప్పింది. బరువు చెప్పుమని మనం అడగలేదు గద," అన్నాడు మాతో.

ఆ కడ్డీ నేటికీ ఆయన ఇంటి దూలానికి ఆనించి ఉన్నది. మేము పండుగకు పోయినప్పుడల్లా చూస్తూ ఉంటాము.